కంపెనీ బిగింపు

మీ బండి గేర్ బాక్సును, అది చెడిపోకముందే, ఎప్పుడైనా విప్పించారా? లేదు కదా. ఎందుకో కూడా నాకు తెలుసు. కంపెనీ బిగింపు ఒకసారి విప్పితే మళ్లీ ఆ పట్టు రాదని మా నరసరావుపేట మెకానిక్ షెడ్ల దగ్గర టీ తాగే ప్రతివాడూ అంటాడు. మీరూ నమ్మారు, నేనూ నమ్మాను. తేడా ఏమిటంటే, మీరు ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇచ్చి ఉండరు. నేను ఇచ్చాను.

బడి నుంచి రిటైరయ్యాక ఒక పికప్ బండి కొన్నాను. గురజాల వైపు క్వారీల నుంచి నాపరాళ్లను పాలిష్ యూనిట్లకు చేర్చే పని దానిది. నడిపేది మా వీధి మనిషే. ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివాడు. తర్వాత ఇరవై ఏళ్లుగా స్టీరింగు వదల్లేదు. బండికి నిమ్మకాయ కట్టడం, గుమ్మడికాయ కొట్టడం కుదరదని మొదటిరోజే చెప్పాను. "మీ ఇష్టం మాస్టారూ. బండి ఆయిలు తాగుద్దిగానీ నిమ్మకాయ రసం తాగదుగా" అని నవ్వాడు. ఆ మాటను నేను రెండు సభల్లో నా సొంత మాటలా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

బండి కొన్న రెండో ఏడు, ఎండలు ముదరకముందు, షెడ్డు దగ్గర టైరుకు గాలి పెట్టిస్తూ అడిగాడు.

"మాస్టారూ, ఒక నాలుగు రోజులు బండి ఆపుదాం. గేర్ బాక్సు దించి బేరింగులు, రింగులు మార్పిద్దాం. క్లచ్ ప్లేటు కూడా పెద్ద బళ్లకి వేసే గట్టిది వేద్దాం. మనం తోలేది కూరగాయలు కాదుగా."

"ఏం, చెడిందా?"

"చెడలా. చెడకముందే అంటన్నా."

"చప్పుడేమన్నా వస్తందా?"

"రాదు. చేతికి తెలుస్తంది. లోడుతో ఫస్టు గేర్లో ఎక్కేటప్పుడు గేరు రాడ్డు వెనక్కి నెడతంది. చెయ్యి తీస్తే జారేట్టుంది. ఒకసారి నా పక్కన కూర్చుని మీరే చెయ్యి పెట్టి చూడండి."

నేను పెట్టి చూడలేదు. సభలో ఎదుటివాణ్ని నిలదీసినట్టే నిలదీశాను. "చేతికి తెలియడం రుజువు కాదురా. పూనకం వచ్చినామె కూడా ఒంటికి తెలిసిందనే అంటది. జబ్బు లేనివాడికి ఆపరేషన్ చేయిస్తారా? కంపెనీ బిగింపు పోతే మళ్లీ ఎవడు తెస్తాడు?"

"కంపెనీలో బిగించేది కూడా మనుషులే గదా" అని గాలి పెడుతున్న మెకానిక్ గొణిగాడు. నేను విననట్టు ఊరుకున్నాను. డ్రైవరు తల గోక్కుని, "మీతో వాదించి గెలిచేదెవరులే" అన్నాడు. సిగ్గులేకుండా, ఆ మాటకు సంతోషించాను.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం నిండు లోడుతో క్వారీ గుంటలోంచి ఏటవాలు బాట ఎక్కుతుంటే ఫస్టు గేరు జారిపోయింది. అంత బరువును బ్రేకు ఆపలేకపోయింది. బండి వెనక్కి దొర్లింది. కింద రాళ్లెత్తే ఆడవాళ్లు నలుగురున్నారు. వాళ్ల మీదికి పోకుండా అతను స్టీరింగు ఒక్కసారిగా తిప్పి రాళ్లగుట్టకు కొట్టించాడు. బండి పక్కకు ఒరిగింది. అతని ఎడమ పాదం పెడళ్ల మధ్య ఇరుక్కుని నలిగిపోయింది.

నేను వెళ్లేసరికి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుంట అంచున జనం మిగిలారు. ప్రాణం దక్కిన నలుగురిలో పెద్దామె నా మొహం మీదే అడిగింది. "ఏం మాస్టారూ, ఒక్క గుమ్మడికాయ కొట్టనిస్తే ఏం పోయిద్ది? దిష్టి తగిలి మనిషి కాలు పోయింది."

నాకు ఒళ్లు మండింది. ఆమెకు చెప్పాల్సిన జవాబు నా దగ్గరే ఉంది. అతను అడిగాడు, నేను చేయించలేదు. అది నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేనన్నది ఇది: "దిష్టీ లేదు, గిష్టీ లేదు. డ్రైవరు గేరు సరిగ్గా వెయ్యలా, అంతే."

పెద్దామె కొంగు దులుపుకుని పక్కకు తప్పుకుంది. మళ్లీ గెలిచాను.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. నా మాట నాకంటే ముందే అక్కడికి చేరింది. అతని భార్య స్టూలు జరిపింది గానీ కూర్చోమనలేదు. అతను పైకప్పు వైపు చూస్తూ మాట్లాడాడు.

"దిష్టి అన్నా బాగుండేది మాస్టారూ. దిష్టి తగిలినోడికి రేపు ఎవరైనా బండి ఇస్తారు. గేరు వెయ్యటం రానోడికి ఎవరిస్తారు?"

"ఇంక ఇచ్చినా తోలలేడు" అంది భార్య. "ఈ కాలు క్లచ్ తొక్కదన్నాడు డాక్టరు. ఇరవై ఏళ్లలో ఒక్క కోడిపిల్లని తొక్కించని మనిషి. కాలు ఎట్టాగూ పోయింది, పేరన్నా ఉంచాల్సింది."

 తెచ్చిన పళ్లు ఆ స్టూలు మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మర్నాడు క్వారీకి వెళ్లాను. అందరూ అన్నాలకు కూర్చున్నారు. డ్రైవరు ముందే చెప్పాడని, నేనే వద్దన్నానని, గేరు వేసినవాడి తప్పేమీ లేదని చెప్పాను. పెద్దామె అన్నం కలుపుతూ వింది.

"మరి ఆ రోజు ఎందుకట్టా అన్నావు?"

నీ దిష్టి మీద గెలవడానికి అని చెప్పలేకపోయాను. "బుద్ధి తక్కువై" అన్నాను.

"చానా చదువుకున్నావుగా" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆమె నమ్మిన దిష్టి వల్ల ఎవరి కాలూ పోలేదు. నేను నమ్మిన కంపెనీ బిగింపు వల్ల పోయింది. పైగా నా నమ్మకానికి నేను తర్కం అని పేరు పెట్టుకున్నాను. రుజువు ఏదని అడిగిందీ నేనే, చూపిస్తానంటే చూడనిదీ నేనే. నేను తిట్టిన పూజారులు ఇంతకంటే ఏం చేశారు?

అతను మార్చమన్నవన్నీ తర్వాత మార్పించాను. నాలుగు రోజులు కూడా పట్టలేదు. కొత్త డ్రైవరు గేరు వెన్నలా పడుతుందని మెచ్చుకుంటాడు. పాతవాడు పాలిష్ యూనిట్ గేటు దగ్గర కర్ర ఆనించుకుని కూర్చుంటాడు. నా బండి వస్తే లేచి గేటు తీస్తాడు. వద్దన్నా వినడు.

మీ బండి తోలే మనిషి కూడా మిమ్మల్ని ఏదో అడిగే ఉంటాడు. చూద్దాంలే అని మీరూ అనే ఉంటారు. ఇప్పుడే అతనికి ఫోన్ చెయ్యండి. ఏమేం మార్చాలో చెప్పమని, మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా వినండి. రేపటి లోడు ఆపి బండిని షెడ్డుకు పంపండి.