తిరుత్తణి బస్సులో అడ్జస్ట్

ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి కాబట్టి ఇంట్లో గొడవ వచ్చినా పాఠం చెప్పకుండా ఉండలేను. ఆరణిలో ఉండే మా అత్త, తమిళుల ఆడి నెలంతా తిరువళ్ళూరులో మా ఇరుకు ఇంట్లో ఉంటానంది. "రవంత అడ్జస్ట్ చేసుకుందాం" అంది నా భార్య. "ఆ మాటలో జస్ట్ ఉంది. జస్ట్ అంటే న్యాయం. ఎప్పుడూ నేనే సర్దుకోవడం ఏం న్యాయం?" అన్నాను. ఇక ఆమె నాతో మాట్లాడితే ఒట్టు. కాఫీ గ్లాసు మాత్రం బల్ల మీద ఠక్కుమనేది.

మొక్కు ఉంది కాబట్టి తిరుత్తణికి కలిసే బయలుదేరాం. ముగ్గురు పట్టే సీటులో కిటికీ పక్కన ఆమె, ఈ చివర నేను, నడుమ ఆమె సంచి.

బస్సు కిక్కిరిసింది. పూలబుట్టతో ఒక ముసలమ్మ ఎక్కి, సంచినీ మమ్మల్నీ ఎగాదిగా చూసింది. మా వైపు బస్సుల్లో తెలియని మగాడి పక్కన ఆడమనిషి కూర్చోదు. ఆమెకు చోటివ్వాలంటే మేం లేచి వరస మార్చుకోవాల్సిందే.

"కొంజం అడ్జస్ట్ చేసుకోయ్యా. నువ్వు కిటికీ కాడికి పో. ఆ యమ్మ నడిమిట్లో కూసుంటాది" అని, మేం మారి కూర్చోగానే సంచినీ, తన పూలబుట్టనూ కలిపి నా ఒళ్ళో పెట్టేసింది.

నా భార్య నన్ను ఆనుకుని కూర్చోక తప్పలేదు. మొహం మాత్రం ముసలమ్మ వైపు. అంత పంతమా అని నాకు ఒళ్ళు మండింది. నా మాటే నిజమని తేల్చుకుందామని, పూల మీదుగా ఫోన్ పట్టుకుని 'అడ్జస్ట్' పుట్టుక వెతికాను. నా న్యాయం కాస్తా నీరుగారిపోయింది. దాని వేరు లాటిన్‌లో 'పక్కన' అనే మాటట. దగ్గరకు చేర్చడమే పాత అర్థం. ఫ్రెంచి వాళ్ళ నోట నలిగి ఇంగ్లీషుకు వచ్చింది. న్యాయంతో చుట్టరికం ఆనక జనం అంటగట్టిందే.

చెబితే ఓడిపోయినట్టు. చెప్పకపోతే ఇంకెన్నాళ్ళు ఇలా? ఆమె గొంతు వినబడక నాకు ఇల్లు ఇల్లులా లేదు. అంతా చెప్పేశాను. "కాబట్టి మీ అమ్మను రమ్మను" అన్నాను, వరమిచ్చేవాడిలా.

ఆమె ఇటు తిరిగింది.

"మా అమ్మ పొద్దున్నే ఆరణిలో బస్సెక్కినాది. తాళం పక్కింటక్క కాడ ఇచ్చొచ్చినా. ఈపాటికి నీ మంచం మీద పండుకోనుంటాది. రవంత అడ్జస్ట్ చేసుకోయ్యా."