పురుగు రెక్కకు జరీ అంచు

మా తమ్ముడి కూతురు తీసిన మొదటి సినిమాలో పట్టుపురుగులు లారీలంత పెరిగి ఒక ఊరిని తినేస్తాయి. ట్రాక్టరు ట్యూబులకు సున్నం పూసి చేసిన పురుగులవి. చూసినవాళ్లంతా మొదటినుంచి చివరిదాకా నవ్వారు. ‘ఒకామె ఇంక నవ్వలేక బయటికి పోయింది’ అని ఆనాటి డైరీలో రాసుకున్నాను.

అయినా స్నేహితులు తలా ఇంత వేసుకుని రెండో భాగానికి దిగారు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే మా తమ్ముడు మాత్రం కూతురి దగ్గర మాట తీసుకున్నాడు. ఈసారి కూడా జనం నవ్వితే కెమెరా మూలన పెట్టి అంగట్లో కూర్చోవాలి. ఆమె సరేనంది. అన్నది గానీ, ఆ పూట మా ఇంట్లో అన్నం సరిగా తినలేదు.

కథ నాకు చదివి వినిపించడానికే ఆ రోజు హిందూపురంలో మా ఇంటికి వచ్చింది. నేను ఉద్యోగమంతా పట్టుపురుగుల షెడ్లు తిరిగినవాణ్ణి. మొదటి భాగం చివర పెనుకొండ కొండ వెనక గూళ్లు కట్టుకున్న ఆ పురుగులు ఈ భాగంలో రెక్కలతో బయటికొచ్చి మనుషుల్ని తింటాయట. నాకు మనసొప్పలేదు.

“రెక్కలొచ్చినాక దానికి నోరు పనిచేయదమ్మా. చచ్చేదాకా ఏమీ తినదు. మనుషుల్ని ఎట్ల తింటాది?”

“మొదటి భాగంలో అందరూ నవ్వినారు గదా పెద్దనాయనా, ఆ కోపంతో తింటాది,” అంది.

రెక్కలు మాత్రం అసలు పట్టువే కావాలని పట్టుబట్టింది. అంగడికి చీరలు నేసిచ్చే ఒకాయన దగ్గర రంగు సరిగా పట్టని పట్టు మిగిలి ఉంది. బూడిద రంగులో, చీరంత పొడవున రెండు రెక్కలు కావాలని ఫోనులో చెప్పింది. ఆయన అవి నేసి, మూట కట్టుకుని, పెనుకొండలో షూటింగు జరిగే చోటికే బస్సులో వచ్చాడు. మేమిద్దరం, అంటే నేనూ నా భార్యా, ఆ రోజు అక్కడే ఉన్నాం.

మూట విప్పాడు. బూడిద రంగు రెక్కలకు జానెడు జరీ అంచు, అంచు పొడవునా మామిడి పిందెలు. కొత్త గుడ్డ కాబట్టి మూలన పసుపు బొట్టు కూడా పెట్టి తెచ్చాడు.

పిల్ల బండ మీద కూలబడింది. “అంచెందుకు నేసినావు మామా? అది మనుషుల్ని చంపే పురుగు.”

“పురుగుదైతే ఏమి పాపా, పట్టు గదా. అంచు లేని పట్టు మా మగ్గం మీంచి ఎప్పుడన్నా దిగిందా? ఇంట్లో మా అవ్వ ఊరుకుంటాదా?” అన్నాడాయన. పైగా, పురుగు కాబట్టి కొంగు మాత్రం మానుకున్నానని చెప్పాడు.

అంచు లోపలికి మడిస్తే రెక్కలు చిన్నవైపోయాయి. ఎవరో కత్తెర తెచ్చారు గానీ, ఆయన ముఖం చూసి మళ్లీ సంచిలో పెట్టేశారు. ఆ రోజుకు పని ఆగిపోయింది. ఒక రెక్కను రెండు గుంజల మధ్య తాడు మీద వేసి పిల్ల దాన్నే చూస్తూ కూర్చుంది. నా భార్య ఆమెకు టిఫిను డబ్బా ఇవ్వబోతూ, దారిలో రెక్క దగ్గర ఆగింది. అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. మీ నాయన దగ్గర ఇదే అంచు పచ్చ రంగు మీద ఉందా అని అడిగింది.

 పిల్ల పెద్దమ్మ వేళ్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత లేచి తండ్రికి ఫోను చేసి, ఒక ఆదివారం అంగడి తనకు వదిలేయమని అడిగింది. వాడు గొణిగాడు గానీ తాళాలిచ్చాడు.

సినిమా మొదట హిందూపురంలో ఒక కల్యాణ మండపంలో తెర కట్టి చూపించారు. చుట్టాలు, మా వీధివాళ్లు, ముందు వరసల్లో ఆడవాళ్లు. పురుగు కొండ మీద ఎగురుతుంటే దాన్ని మోసే గడకర్ర కనిపించింది. నవ్వులు మొదలయ్యాయి. పక్కన కూర్చున్న మా తమ్ముడు నా చెవిలో, “సోమవారం నుంచి అంగడికి వస్తాదిలే అన్నా,” అన్నాడు. గొంతులో సంతోషమేమీ లేదు.

తెర మీద హీరోయిను పరిగెత్తి పరిగెత్తి ఒక చీరల అంగట్లో దూరి షట్టరు దించింది. అది మా తమ్ముడి అంగడే. లోపల వరసగా చీరలు వేలాడుతున్నాయి. హీరోయిను ఊపిరి పీల్చుకుని తల తిప్పింది. వాటి మధ్య ఒక బూడిద రంగు చీర, మామిడి పిందెల అంచు.

“ఆ అంచు చూడే,” అని ముందు వరసలో ఒకామె పక్కామెకు చూపించింది.

హీరోయిను కూడా అందరు ఆడవాళ్లలాగే చెయ్యి చాపి, అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. చీర ఆమె వేళ్లలోంచి అంచును మెల్లగా వెనక్కి లాక్కుంది.

ముందు వరసల్లో కాళ్లన్నీ కుర్చీల మీదికి వెళ్లాయి. ఎవరో కెవ్వుమన్నారు. నా భార్య గోళ్లు నా మణికట్టులో దిగాయి. మా తమ్ముడైతే లేచి నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చోమని అరిచినా వాడికి వినపడలేదు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ సోమవారం పిల్ల అంగడికి పోలేదు. ఎందుకు రాలేదని తండ్రి అడగనూ లేదు. ఇప్పుడు ధర్మవరంలో వాడి అంగడికి వచ్చే ఆడవాళ్లు, ముందు నువ్వే విదిలించి చూపించప్పా అంటున్నారట. కూతురు తన యాపారం మీద మన్ను పోసిందని వచ్చినవాళ్లందరి దగ్గరా మొత్తుకుంటాడు. మొత్తుకుని, కెమెరా యాడ పెట్టిందో, ఆ చీర ఏ కొక్కేనికి వేలాడిందో వేలు పెట్టి చూపిస్తాడు.