పాము ఉండాల్సిన చోట

ఆహారం అనే మాటలోనే హారం ఉంది. దానికి మళ్లీ గొలుసు తగిలించడమెందుకో పాఠ్యపుస్తకం రాసినవాళ్లకే తెలియాలి. అయినా ఐదో తరగతి సైన్సులో ‘ఆహారపు గొలుసు’ పాఠం వచ్చిన ప్రతి ఏడూ నా మెడలో గొలుసు పైకి తీసి పిల్లలకు చూపించేదాన్ని.

“ఇందులో ఒక్క లంకె ఊడితే ఏమవుతుంది?”

“పడిపోద్దండీ!” అని అరిచేవారు.

నాది గిల్టు గొలుసని వాళ్లకు చెప్పలేదు. ఒక ఏడు జరిగినదాని వల్ల లోపల ఇంకో రకం గిల్టు చేరింది. మెడలోది నాలుగు నెలలకే వెలిసిపోయింది. లోపలిది ఇప్పటికీ మెరుస్తూనే ఉంది.

తొంభైల చివర్లో మాట. కొత్తపేట దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల. రోజూ అమలాపురం నుంచి బస్సులో వెళ్లేదాన్ని. పాఠం బాగానే చెప్పేదాన్ని గానీ బొమ్మలు నా వల్ల అయ్యేవి కావు. నేను బోర్డు మీద మిడతను గీస్తే పిల్లలు ముక్తకంఠంతో “రొయ్యండీ” అనేవారు. కోనసీమ పిల్లలు కదా, సందేహం వచ్చిన ప్రతిదీ వాళ్లకు రొయ్యే.

మూడో వరుసలో ఒక అమ్మాయి కూర్చునేది. వాళ్ల నాన్న పొలాల్లో ఎలుకలు పట్టేవాడు. సాయంత్రం వెదురు బుట్టలు గట్ల వెంట పెట్టి, తెల్లారి వెళ్లి తీసుకొచ్చేవాడు. పడ్డ ఎలుకల్లో కొన్ని ఇంటికి కూర. వరి కంకి వేసే ముందు, చేను పొట్ట మీద ఉన్నప్పుడు, రైతులు కాలవగట్టు మీద ఉన్న అతని ఇంటి దాకా వెళ్లి పిలుచుకొచ్చేవారు. పని అయ్యాక మాత్రం అరుగు మీద కూర్చోమన్నవాళ్లు లేరు.

ఒక రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మా హెడ్మాస్టరు గారు ముందు రోజే గోడలకు సున్నం వేయించి, నన్ను ‘గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద’ అని పిల్లల చేత వల్లె వేయించమన్నారు. వేయించాను. అధికారి క్లాసంతా చూసి, సరిగ్గా ఆ అమ్మాయినే లేపాడు.

“ఆహారపు గొలుసు రాస్తావా?”

“ఆయ్,” అంది.

బోర్డు దగ్గరికి వెళ్లి గుండ్రటి అక్షరాలతో రాసింది: వరి, బాణం గుర్తు, ఎలుక, బాణం గుర్తు, మా నాన్న.

అక్కడ ఆపి సుద్దముక్క కింద పెట్టింది.

“గద్దేదీ?” అన్నాడు అధికారి.

“కిందటేడు రైతుగారు ఎలుకలకి మందు పెట్టేరండి. ఆ ఎలకని తిని గద్ద మా ఇంటి ఎనకాల పడిపోయిందండి. అందుకే రాయలేదండి.”

నేను ఏడాదంతా చెప్పిన పాఠం, నేను చెప్పలేకపోయిన పాఠం కూడా ఆ జవాబులోనే ఉన్నాయి. ఆ క్షణాన వెళ్లి ఆ పిల్ల భుజం తట్టాల్సింది. తట్టలేదు. అధికారి ఏమంటాడా అని అతని ముఖం వైపు చూస్తున్నాను.

“అయితే పాముకీ మీ నాన్నకీ పోటీ అన్నమాట!” అన్నాడాయన.

క్లాసు గొల్లుమంది. హెడ్మాస్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వుతూ డస్టరు తీసుకుని, ‘మా నాన్న’ తుడిచేసి, ఆ చోటులో ‘పాము’ అని రాశారు. నా పెదవులు కూడా సాగాయి. నవ్వు కాదది అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నవ్వే.

మధ్యాహ్నం అధికారికి హెడ్మాస్టరు గారింట్లో భోజనం. రొయ్యల వేపుడు, దోసావకాయ, తెల్లటి అన్నం. ఆ అన్నం వాళ్ల సొంత చేలోదే. ఆ చేలో బుట్టలు పెట్టింది ఆ పిల్ల నాన్నే. ఆ గింజ ఎలుక నోట్లో పడకుండా అధికారి విస్తట్లో పడిందంటే మధ్యన ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషిని పొద్దున్న డస్టరుతో తుడిచేసి, మధ్యాహ్నం అతను కాపాడిన అన్నంలో రెండోసారి నెయ్యి వేయించుకున్నారు.

మర్నాటి నుంచి పిల్లలు ఆమెను ‘పాముగారమ్మాయి’ అనడం మొదలుపెట్టారు. మూడో రోజు నుంచి ఆమె రాలేదు.

“రాకపోతే పేరు కొట్టేద్దామండి,” అన్నారు హెడ్మాస్టరు గారు. కొట్టేయడం, తుడిచేయడం ఆయనకు బాగా చేతనైన పనులు.

రెండు వారాలు చూసి కాలవగట్టుకు వెళ్లాను. తండ్రీకూతుళ్లు వెదురు బద్ద వంచి బుట్టలకు తాడు కడుతున్నారు.

“మీరొచ్చేరేంటండీ, కబురెడితే నేనే వద్దును కదండీ,” అన్నాడాయన లేచి నిలబడి. “పిల్ల వెళ్లనంటందండి. కొట్టి పంపలేను కదండీ. పని బేగానే పట్టేసిందండి, చూడండి.”

ఆ వేళ్లు నిజంగానే చకచకా ఆడుతున్నాయి. ఇంకొక్క నెల పోతే ఇక బడివైపు చూడదని నాకు అర్థమైంది.

“నేను రాసింది తప్పాండీ?” అంది తలెత్తకుండా.

“కాదమ్మా. రైటే.”

“మరి అప్పుడు చెప్పలేదేంటండీ?”

బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేశాను. పాతికేళ్లు నోటితో బతికిన మనిషిని.

తిరుగు బస్సులో నా మీద కోపంతో నా టిక్కెట్టు నేనే నమిలేసి ఉంటాను, ఎక్కడా కనబడలేదు. ఆ రాత్రి పెద్ద చార్టు ఒకటి గీశాను. వరి, ఎలుక. ఎలుక నుంచి మూడు బాణాలు: పాముకొకటి, గద్దకొకటి, బుట్ట పట్టుకున్న మనిషికొకటి. మర్నాడు గోడకు అంటించాను.

“తీసెయ్యండి టీచరుగారూ. పుస్తకంలో లేనిది గోడ మీదెందుకండీ?” అన్నారు హెడ్మాస్టరు గారు.

“మీ చేలో ఉన్నాడు కదండీ,” అన్నాను. “ముందు అక్కణ్నుంచి తీసెయ్యండి, తర్వాత ఇక్కణ్నుంచి తీస్తాను.”

ఉద్యోగంలో చేరాక నేను ఒకరికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన నావైపు, చార్టువైపు చూసి, చిరాగ్గా గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఆ పిల్ల నాన్న బొమ్మ గోడ మీద ఉందని పిల్లలే కబురు మోసుకెళ్లారు. సోమవారం ఆమె వచ్చింది. సంచి దించకుండానే చార్టు ముందు నిలబడి చాలాసేపు చూసింది.

“ఇది మా నాన్నాండీ?”

“అవును.”

“రొయ్యలాగున్నాడండి.”

రబ్బరూ పెన్సిలూ ఇచ్చాను. బుట్టను చేతిలోంచి తీసి భుజానికెక్కించింది. తలకు తుండు చుట్టింది. ముఖం గీయడానికి చాలా సమయం తీసుకుంది. నవ్విన పిల్లలందరూ చుట్టూ మూగి చూస్తున్నారు.

అయ్యాక నావైపు తిరిగింది.

“మిమ్మల్నెక్కడ పెట్టమంటారండీ?”

“నేను వరే కదమ్మా తినేది. ఎలుక పక్కన పెట్టు.”

పెట్టింది. ఆ పక్కన ఇంకొంచెం జాగా మిగిలింది. అధికారిని కూడా అక్కడే పెట్టమందామనుకున్నాను. ఎలుక ఏమనుకుంటుందోనని ఊరుకున్నాను.