మంచుబండి ఎక్కబోతున్న పడుచుకి బొట్టు

మా పక్కింటావిడ ఇల్లు అమ్మేసి, అరిజోనాలో ఒంటిగది అపార్ట్‌మెంట్‌కి మారుతూ, సామానంతా దానం చేసేసి గోడ మీది ఒక్క బొమ్మని మాత్రం తనతో తీసుకెళ్తానంది. అది వాళ్ళ ముత్తవ్వ నాటిది. ఆ కాలంలో అమెరికాలో ఇలాంటి బొమ్మల్ని రాతి మీద గీసి, కాగితం మీద అచ్చువేసి, చేత్తో రంగులద్ది చవగ్గా అమ్మేవాళ్ళట. మన ఇళ్ళలో దేవుళ్ళ క్యాలెండర్లలాగా ఇక్కడ ముందుగదుల్లో ఇవి వేలాడేవట. ఈ బొమ్మలో మంచు కప్పిన పల్లెటూరి ఇల్లు, గుమ్మంలో ఒక ముసలమ్మ, వాకిట్లో గుర్రం కట్టిన మంచుబండి, అందులోకి కాలు పెట్టబోతున్న ఒక పడుచు. ఆ పిల్ల శాలువాకి వేసిన ఆకుపచ్చ రంగు గీత దాటి గుర్రం వీపు మీదకి పాకింది. నాకు మొదట్నుంచీ నచ్చింది ఆ ఆకుపచ్చ గుర్రమే.

సర్దుతుంటే ఫ్రేము అద్దం పగిలింది. అడగని సాయం నెత్తికెత్తుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కొత్త గ్లాస్ వేయించి ఇస్తానని చెప్పి బొమ్మని మా ఇంటికి తెచ్చాను. ఫ్రేములోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి, హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి గ్లాస్ కట్ చేయించుకొచ్చాను. వచ్చేసరికి ఆ పడుచు నుదుట ఎర్రగా, గుండ్రంగా, తడితడిగా కుంకుమబొట్టు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. టిష్యూతో అద్దబోతే కాగితం అప్పటికే పీల్చేసుకుంది. ఫోన్‌లో వెతికితే పట్టుచీరల మీద మరకలు వదిలించే చిట్కాలు తప్ప ఇంకేమీ రాలేదు.

ఇంట్లో ఉన్నది మా అత్తయ్య ఒక్కరే. ఆవిడ దాచలేదు.

"నేనే పెట్టానమ్మాయ్. ఇల్లు వదిలి బయలుదేరుతోంది గదా. గుమ్మంలో ఆ ముసలమ్మ చూస్తా నిలబడిందే గానీ, బొట్టు పెట్టి పంపుదామని లేదు."

"అత్తయ్యా, అది ఆవిడ ఫ్యామిలీది. చాలా ఓల్డ్. ఇప్పుడు ఆవిడకి నేనేం చెప్పాలి?" గొంతు లేచిందని నాకే తెలుస్తోంది.

అత్తయ్య కుర్చీలో కూలబడ్డారు. "మనుషులకైతే నేను పెట్టకూడదు. బొమ్మకేంలే అనుకున్నా" అన్నారు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మావయ్య పోయాక అత్తయ్య ఎవరికీ బొట్టు పెట్టరు. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు వెళ్ళొస్తామని లేవగానే "అమ్మాయ్, బొట్టు పెట్టు" అని నన్ను కేకేసి, తను వంటింట్లోకి తప్పుకుంటారు. ఇక్కడ అవన్నీ ఎవరు పట్టించుకుంటారని నేను వాదిస్తూనే ఉన్నాను, ఆవిడ వినకుండానే ఉన్నారు. లోపల ఇంత వెలితి ఉందని మాత్రం నాకు తట్టలేదు. ఏడుపొచ్చింది.

బొమ్మ పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని బొట్టుని చాలాసేపు చూసింది. అది మా అత్తగారు పెట్టిందని చెప్పి, నేను సారీల మీద సారీలు చెప్పుకుంటూ పోయాను.

"ఇలాంటివి ఎలా చేసేవాళ్ళో తెలుసా?" అందామె. "పొడుగాటి బల్ల దగ్గర అమ్మాయిలు వరసగా కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. తన రంగు వేసి పక్కమ్మాయికి జరపడమే. ఆకుపచ్చ వేసిన పిల్ల మాత్రం పరధ్యానంలో ఉంది. దానికంటే మీ అత్తగారి ఎరుపు నయం."

ఇద్దరం నవ్వుకున్నాక, అసలు ఎందుకు పెట్టారని అడిగింది. అంతా చెప్పాను, మనుషులకి పెట్టరన్న సంగతితో సహా. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మా ఆయన పోయాక, జంటలుగా వెళ్ళే విందులకి నన్నూ పిలవడం మానేశారు" అంది.

బయలుదేరే రోజు పొద్దున, కారు వెనక సీట్లో బొమ్మకి సీటుబెల్టు పెట్టి, ఆమె మా గుమ్మం ముందుకొచ్చింది. అత్తయ్యకి ఎదురుగా నిలబడి, తెల్లజుట్టు వెనక్కి తోసుకుని, వేలితో నుదురు చూపించింది.

"అమ్మాయ్, బొట్టు పెట్టు" అంటూ అత్తయ్య వెనక్కి తిరిగారు.

"ఆవిడ మిమ్మల్ని అడుగుతోంది అత్తయ్యా."

"నేనెట్టా పెడతాను?"

"ఆవిడకీ హస్బెండ్ లేరు. మీ చేత్తోనే కావాలంట."

అత్తయ్య లోపలికి వెళ్ళిపోయారు. ఇక రారేమో అనుకున్నాను. కుంకుమ భరిణె తీసుకుని వచ్చారు. బొట్టు కాస్త పక్కకి పడింది. పక్కింటావిడ అత్తయ్యని గట్టిగా కావలించుకుని, కారు అద్దంలో బొట్టు చూసుకుని, చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగినా అత్తయ్య భరిణెకి మూత పెట్టలేదు.

"అమ్మాయ్, నువ్వూ ఆఫీసుకి బయలుదేరతావుగా. ఇట్టా రా."

ఆ రోజు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. ఆ ముక్క చెప్పకుండా వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.