జలపాతం చూసొచ్చాక

మా పిన్నిని ఇంట్లో అందరూ కాలుగాలిన పిల్లి అనేవాళ్లు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని. సెలవు దొరికితే చాలు, సంచి భుజాన వేసుకుని ఏదో ఒక బస్సెక్కేసేది. పెళ్లయిన ఏడాదికే బాబాయి పోయాడు. పిల్లల్లేరు. "ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడతాయక్కా" అనేది మా అమ్మతో.

నలభై దాటాక ఒకరోజు వచ్చి, పరాయి దేశంలో పిల్లల ఆసుపత్రికి వెళ్తున్నానంది. ఏదో సేవాసంస్థ పంపిస్తోందట. జీతం ఉండదు, తిండీ గదీ ఇస్తారు.

"నీకు వైద్యం ఏం తెలుసనే?" అంది అమ్మ.

"మందులు డాక్టర్లిస్తారు. పక్కన కూర్చోడానికి చదువెందుకూ? పైగా వారానికో రోజు సెలవంట. చుట్టూ కొండలూ, నదులేనట!"

"అదీ సంగతి! సేవ పేరు చెప్పి షికారన్నమాట."

"అవును" అంది పిన్ని, ఏమాత్రం సిగ్గుపడకుండా.

అక్కడ ఆమెకు అప్పగించింది రక్తంలో కేన్సర్ ఉన్న పిల్లల వార్డు. పొడవాటి గది, రెండు వరసల మంచాలు, ఫినాయిల్ వాసన, గోడల నిండా పిల్లలు గీసిన చేపలు. మందుల ధాటికి అందరికీ జుట్టు రాలిపోయింది. పిన్ని మిగులు గుడ్డలతో టోపీలు కుట్టింది. కుందేలు చెవులు కావాలన్నవాళ్లకి చెవులు, కొమ్ములు కావాలన్నవాళ్లకి కొమ్ములు. ఆ భాష ఆమెకు వచ్చీరానట్టు వచ్చేది. సూది గుచ్చేటప్పుడు "నొప్పి ఉండదు" అనబోయి "చాలా రుచిగా ఉంటుంది" అందట ఒకసారి. ఏడుస్తున్న పిల్ల ఏడుపాపి పకపకా నవ్వింది. ఆనాటి నుంచి సూది వేయించుకునే ప్రతి పిల్లా "రుచిగా ఉంటుందని చెప్పు" అని పిన్ని చేయి పట్టుకునేది.

సెలవు రోజున ఊరి బయటపడేది. మర్నాడు మోకాళ్లు గీరుకుపోయి, మొహం కమిలిపోయి వస్తే, పిల్లలు మంచాల మీద లేచి కూర్చునేవాళ్లు. తాళ్ల వంతెన సగం దాటాక కాళ్లు వణికి నిలబడిపోవడం, వెనక నుంచి వచ్చిన మేకలకాపరి మేకలతో పాటు తననూ తోలుకుపోవడం, అన్నీ అభినయించి చూపేది. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు, ఒక్క పిచ్చుక తప్ప.

పిచ్చుకంటే తొమ్మిదేళ్ల పిల్ల. పిడికెడంత ఉండేది కాబట్టి నర్సులు ఆ పేరు పెట్టారు. నవ్వేది కాదు, ప్రశ్నలు వేసేది. "మేకలకి భయం వెయ్యలేదా? తాడు కొత్తదా, పాతదా?" తల్లి ఆ మంచం పక్క కుర్చీలోనే కాపురం. తండ్రికి సరుకు ఓడలో పని. నెలల తరబడి సముద్రం మీదే. ఓడ రేవు చేరితేనే ఫోన్.

ఒకరోజు డాక్టరమ్మ తల్లిని పక్కకు పిలిచి, మందులిక పనిచెయ్యడం లేదని చెప్పింది. కొన్ని వారాలు మిగిలాయంది. తండ్రికి కబురు వెళ్లింది. వచ్చే రేవులో దిగి బయల్దేరతానన్నాడు.

పిల్లకు ఎంత తెలుసో ఎవరికీ తెలియదు. పిన్నిని మాత్రం అడిగింది. "ఈసారి నన్నూ తీసుకెళ్లు. నువ్వు చెప్తే నాకు సగమే కనిపిస్తోంది."

తల్లి తటపటాయించింది. "ఆయన వచ్చాక వెళ్దామా?"

"ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే వెళ్లాలమ్మా" అంది పిన్ని.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇక్కడుంచితే మాత్రం నేను చేసేదేముంది? వెళ్లి రండి. తడవనివ్వకండి."

జలపాతం చూడ్డానికి ముగ్గురూ బస్సులో నది రేవు దాకా వెళ్లి, అక్కడ మోటారు పడవెక్కారు. పిచ్చుక పిన్ని ఒళ్లో కూర్చుని పడవవాణ్ణి ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. చివరికి అతను "నువ్వే నడుపు తల్లీ, నావల్ల కాదు" అని చుక్కాని చేతికిచ్చాడు. తల్లి ఫక్కున నవ్వింది. ఆమె నవ్వడం పిన్ని చూడ్డం అదే మొదలు. జలపాతం ఎదుట పిల్ల చెవులు మూసుకుంది, తెరిచింది. తర్వాత పిన్ని చెవి దగ్గర అరిచింది. "ఇంత చప్పుడా! చప్పుడు సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

తిరుగుప్రయాణంలో వాన పట్టుకుంది. పొద్దున మచ్చుకైనా మబ్బు లేదు. టార్పాలిన్ కప్పారు, పిన్ని తన శాలువా చుట్టింది. అయినా పిల్ల తడిసింది.

మూడో రోజుకి జ్వరం, ఆ వెంటనే ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం తల్లి చేతుల్లో పోయింది. మర్నాడు పొద్దున తండ్రి వచ్చాడు.

వరండాలో పిన్ని ఎదురుపడితే దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క రోజు ఉండుంటే కళ్లారా చూసుకునేవాణ్ణి. ఎవరు తీసుకెళ్లమన్నారు నిన్ను?"

"నేనే సరేనన్నాను, నేనూ వెళ్లాను" అంది తల్లి.

"నువ్వు కన్నదానివి. ఈవిడెవరు?"

పిన్ని పక్కకు తప్పుకుంది. వాన వల్లే పోయిందా అని డాక్టరమ్మను అడిగింది. అయుండొచ్చు, కాకపోవచ్చు, ఎవరూ చెప్పలేరు అందావిడ.

ఆ వారం సెలవు రోజున పిన్ని గది దాటలేదు. ఎవరో తలుపు తట్టారు. తీస్తే తండ్రి. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడ్డాయి.

"ఆ చోటు చూపించు" అన్నాడు.

అదే బస్సు, అదే పడవ. పడవవాడు గుర్తుపట్టి "పాపేదీ?" అని అడగబోయి, పక్కనున్న తండ్రి మొహం చూసి గొంతులోనే ఆపేసుకున్నాడు.

"ఎక్కడ కూర్చుంది?" అన్నాడు తండ్రి.

పిన్ని చూపించింది. అతను అక్కడే కూర్చున్నాడు.

"నవ్విందా?"

"లేదు. ప్రశ్నలడిగింది."

"ఏం ప్రశ్నలు?"

గుర్తున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పింది పిన్ని. వింటూ వింటూ తండ్రి చుక్కాని మీద తల ఆనించి భోరుమన్నాడు. వెనక్కొచ్చి రేవులో దిగాక, "నిన్ను క్షమించడం నావల్ల కాదు. కానీ నువ్వు చెప్పకపోతే పాప గడిపిన ఆ రోజు నాకు దక్కేది కాదు" అని, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

పిన్ని ఒప్పుకున్నన్నాళ్లూ ఆ వార్డులోనే ఉండి తిరిగొచ్చింది. మళ్లీ యూనిఫారాల దుకాణంలో చేరింది. కొన్నాళ్లకి బస్సులు కూడా ఎక్కింది. ఒక్కతే వెళ్తుంది. మా పిల్లలు వెంటపడినా ఎవర్నీ తీసుకెళ్లదు.

ఒకసారి అమ్మ ఉండబట్టలేక అడిగింది. "తప్పు నీదే అనుకుంటున్నావుటే?"

పిన్ని కత్తిరిస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. "పిల్ల గుర్తొస్తే మంచిపనే చేశాననిపిస్తుందక్కా. వాళ్ల నాన్న గుర్తొస్తే అన్నం సహించదు."

అమ్మ లేచి వెళ్లి టీ పెట్టింది.