పహిల్వాన్ పోయిన రోజు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఎవరినైనా ఏం చేస్తున్నవని అడిగితే "ప్రిపేర్ అయితున్న" అనేవాళ్లు. దేనికని ఎవరూ అడిగేవారు కాదు, పెళ్లి సంబంధాల వాళ్లు తప్ప. నేనూ అలా కొన్నేళ్లు ప్రిపేర్ అయ్యాను. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని కూర్చుని అక్కడి కుర్చీకి నా ఆకారం వచ్చింది గానీ నాకు ఉద్యోగం రాలేదు. రెండోసారి కూడా ప్రిలిమ్స్‌లోనే బోర్లా పడ్డాక, ఊరికి ఫోన్ చేస్తే మా నాయిన "ఏమాయెరా" అని అడగడం మానేశాడు (అడిగినప్పటి కంటే అదే ఎక్కువ గుచ్చుకునేది). ఆ కాలంలో నేను గెలిచిన చోటు ఒక్కటే ఉంది. అది మా కిరాయి గదిలో పరిచిన చాప.

మేడ మీది రేకుల గదిలో నలుగురం ఉండేవాళ్లం. అందరిలో పెద్ద మాస్టరన్న. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి కలెక్టర్ అవుతానని వచ్చాడు, వస్తూ వస్తూ ఆ ఆఫీసు నుంచి ఒక ఆట పట్టుకొచ్చాడు. ఆయన కథ చెబుతాడు, మేము అందులో మనుషులం. మన మనిషి ఏం చేస్తాడో మనమే చెప్పాలి, అది అయిందో లేదో పాచిక చెబుతుంది. పెద్ద అంకె పడితే పని అయినట్టు, ఒకటి పడితే ప్రాణం పోయినట్టు. ఉద్యమం జోరుమీదున్న కాలం కదా, బంద్ వచ్చిందంటే పొద్దున ర్యాలీకి పోయి జై కొట్టి, మధ్యాహ్నం గోల్కొండ కోటలో నిధి వెతకడానికి చాప మీద కూర్చునేవాళ్లం. పాచిక మాస్టరన్నే వేసేవాడు, అదీ పరీక్ష ప్యాడ్ ఒకటి అడ్డంగా నిలబెట్టుకుని, దాని వెనక. కథ నడిపేటోడు అన్నీ చూపిస్తే మజా ఏముంటది అనేవాడు.

ఆ ఆటలో నేను పహిల్వాన్‌ని. బయట మాత్రం తీగ మీద ఆరేసిన లుంగీలా ఉండేవాణ్ణి, అది వేరే సంగతి. మా పహిల్వాన్‌కు చావు లేదు. మా గదిలోనే ఉండి లా చదివే రూల్సన్నకు మాత్రం ఆటలో మనుషులు వరసగా పోయేవాళ్లు. ఒకడిని పాము కరిచింది, ఒకడు బావిలో పడ్డాడు, ఒకడైతే పాపం ఉత్త మెట్ల మీద జారి పోయాడు. మా వాడు కోట బురుజు మీంచి దూకితే కింద సరిగ్గా గడ్డివాము ఉండేది. ఇక నా బడాయి చూడాలి. బజ్జీల బండి దగ్గర నిలబడి రూల్సన్నకు ఆట ఎలా ఆడాలో క్లాసులు తీసుకునేవాణ్ణి. పాచికదేముంది, గుండెల దమ్ముండాలె అని మిర్చి కొరుకుతూ చెబితే, అప్పటికి ముగ్గురిని పోగొట్టుకున్న ఆ మనిషి బుద్ధిగా తలూపుతూ వినేవాడు.

ఒక బంద్ రోజు కరెంటు లేదు. కోటలో మదపుటేనుగు ఎదురొచ్చింది. అందరూ పారిపోతామన్నారు, నేను దాని తొండం పట్టుకుంటానన్నాను. మాస్టరన్న ప్యాడ్ వెనక పాచిక వేసి, చూసి, "అయిదు. ఏనుగు మోకాళ్ల మీద కూసొని సలాం కొట్టింది" అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది, ప్యాడ్ దబ్బున పడింది. చాప మీద పాచిక ఒంటికన్నుతో మమ్మల్ని చూస్తోంది.

"తొండి" అన్నాడు రూల్సన్న, మూడు శవాల బాధా ఆ ఒక్క మాటలో పెట్టి.

ఎప్పటి నుంచి నడుస్తోందిది అని నేను అడిగాను. మాస్టరన్న తల దించుకుని, "నీ ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చినప్పటి సంది" అన్నాడు. రూల్సన్నే మెల్లగా, "అంటే మనోడు ఆటల అరటిపండా?" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు అక్కలు వాళ్ల ఆటలోకి నన్ను అలాగే రానిచ్చేవాళ్లు. నేను ఎంత పరుగెత్తినా ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు, పట్టుకున్నా అవుట్ లేదు. అదంతా నా పరుగు గొప్పే అనుకుని మురిసిపోయేవాణ్ణి. మీసాలొచ్చాక కూడా అదే బతుకా అని ఏడుపొచ్చింది. చెప్పులేసుకుని విసవిసా నారాయణగూడ దాకా పోయాను. బంద్ కదా, ఒక్క హోటల్ తెరిచి లేదు. అలిగి కూర్చోవడానికైనా చోటుండాలి కదండీ. చేసేది లేక తిరిగొచ్చాను.

"ప్యాడ్ తీసెయ్యన్నా. ఏనుగు మళ్ల రావాలె. పందెం నేనే ఏస్త" అన్నాను.

"ఒకటి పడితే పోతవురా."

"పోతే పోత. కానీ లెక్కల ఉండి పోత."

ఊపిరి బిగబట్టి వేశాను. మరీ దమ్ముతో వేసినట్టున్నాను, పాచిక చాప దాటి, గోడకు తగిలి, ట్రంకు పెట్టెల మధ్య నుంచి మంచం కిందికి పోయింది. మాస్టరన్న సెల్‌ఫోన్ లైటు వేసుకుని బోర్లా పడుకుని పాకాడు. చాలాసేపు ఆయన కాళ్లు మాత్రమే కనిపించాయి. తర్వాత లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఒకటి."

రూల్సన్న వెంటనే అడ్డం పడ్డాడు. చాప దాటిన పందెం చెల్లదు, మళ్ల ఎయ్యాలె అన్నాడు. నేను చెయ్యెత్తి ఆపాను. "పడ్డది పడ్డదే" అన్నాను. మాస్టరన్న పాచికను గుప్పిట్లో పట్టుకుని, జుట్టు నిండా బూజుతో బయటికొచ్చాడు.

పహిల్వాన్ పోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఒట్టు, గుండె మీంచి బండ దిగినట్టయింది. నేను ఓడిపోతే అయ్యో పాపం అనకుండా జనం చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. పరీక్ష ప్యాడ్ మీద దిండు పెట్టి, దానికి నా లుంగీ కప్పి, బకెట్లూ స్టీలు ప్లేట్లూ మోగిస్తూ మేడంతా ఊరేగించాం. అందరికంటే గట్టిగా బకెట్ కొట్టింది రూల్సన్నే. చప్పుడుకు కింది నుంచి ఓనరమ్మ గాభరాగా పైకొచ్చి ఎవరు పోయిన్రని అడిగింది. పహిల్వాన్ పోయిండమ్మా అన్నాం. ఆమె మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత మమ్మల్ని లెక్కపెట్టింది. "నలుగురికంటే ఎక్కువ ఉంచుకోవద్దని చెప్పిన గద. వాడెప్పుడు దిగిండు?" అంది.

తర్వాత నాకు ఎలాగో ఒక చిన్న సర్కారు కొలువు దొరికింది. మాస్టరన్న కలెక్టర్ కాలేదు, మళ్లీ కంప్యూటర్ ముందుకే చేరాడు. మొన్న నారాయణగూడలో ఆయనతో ఇరానీ చాయ్ తాగుతూ నా గోడు వెళ్లబోసుకున్నాను. ఈసారి కూడా ప్రమోషన్ నా కంటే చిన్నవాడికి పోయిందన్నా, నా చేతికి ఎన్నడూ మంచి పందెం పడదు అన్నాను. ఆయన కప్పు ఎత్తి, "ఆ రోజు మంచం కింద పడ్డది ఆరురా" అన్నాడు. "నువ్వు గెలిచినవ్. కానీ నీ మొకం చూస్తే, ఆ రోజు నీకు చావే కావాలనిపించింది."

పొలమారి నవ్వాను, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాను. ఇంత గొప్పగా చచ్చానని ఇన్నాళ్లూ మురిసిపోయినవాణ్ణి, అదీ తొండేనన్నమాట. ఇంతలో ఒక అనుమానం వచ్చింది. నిజంగా ఆరే పడిందా, లేక నా ప్రమోషన్ సంగతి విని ఈయన ఇప్పుడే వేస్తున్న పందెమా? ముఖంలోకి చూద్దామంటే, అప్పట్లో ప్యాడ్ పెట్టినట్టే కప్పు అడ్డం పెట్టుకుని తాగుతున్నాడు.

అడగలేదు. పడ్డది పడ్డదే. ఆ సాయంత్రం బస్సు ఎక్కకుండా అశోక్‌నగర్ మీదుగా నడిచే వెళ్లాను, పొట్ట లోపలికి పీల్చుకుని, చేతులు రెండూ జర ఎడంగా ఊపుకుంటూ, అచ్చం పహిల్వాన్ లెక్కనే.