గట్టయ్య జోడు తీగలు

మా శివనగర్ గట్టయ్య గిటారు విరిగినప్పుడు ఆ చప్పుడుకు హైదరాబాద్ పోయే రైలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగిపోయింది. ఆగిపోయిందంటే, అది ప్యాసింజర్ బండి, రోజూ అక్కడ ఆగేదే. పైగా గిటారు విరిగింది హసన్‌పర్తిలో, అది పూర్తిగా ఇంకో దిక్కు. రైలు సంగతి పక్కన పెట్టండి. చప్పుడు మాత్రం అబద్ధం కాదు. ఫంక్షన్ హాల్లో మూడు వందల మంది విన్నారు. వెనక వంటశాలలో ఒకాయన చేతిలోని గరిటె బగారన్నంలో పడి మునిగిపోయింది. భోజనాలు సగమయ్యేదాకా అది దొరకలేదు.

గట్టయ్యకు యాభై రెండేళ్ళు. అండర్ బ్రిడ్జి దాటగానే ఎడమ చేతి వైపు ఆయన మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆటోల్లో తెచ్చి ఆయన ముందు దించుతారు. ఆయన కాలిన రాగి తీగంతా పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి పంపుతాడు. ఆ మోటారు మళ్ళీ నాలుగైదేళ్ళ దాకా కాలదు. ఈ ఒక్క పని బాగా రావడమే ఆయన కొంప ముంచింది. లోకంలో ఉన్నవన్నీ బోరు మోటార్లేననీ, కాకపోతే కొన్ని నీళ్ళు పోస్తాయి, కొన్ని పోయవనీ ఆయన నమ్మకం. పొద్దు వంగాక ఆ షాపు ముందు కుర్చీలో కూర్చుని ఆయన తెప్పించే టీ తాగడం నాకు అలవాటు కాబట్టి, ఈ నమ్మకం వల్ల జరిగిన నష్టమంతా నా కళ్ళతోనే చూశాను.

హన్మకొండలో రాంచందర్ అని ఒకాయన పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా నడుపుతాడు. తెల్ల బూట్లు వేసుకుంటాడు, ఎండాకాలం కూడా విప్పడు. గట్టయ్య పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆర్కెస్ట్రాకు వైరింగ్ పని చేస్తున్నాడు. పాటలన్నీ అయ్యేదాకా స్టేజి మీద పెద్ద స్పీకరు పెట్టె వెనక, జేబులో టెస్టరు పెట్టుకుని, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. చివర్లో రాంచందర్ మైకు పట్టుకుని ఒక్కొక్కరి పేరు చదువుతాడు. కీబోర్డు ఫలానా, ప్యాడ్స్ ఫలానా, గాయని ఫలానా. జనం చప్పట్లు కొడతారు. గట్టయ్య పేరు ఏనాడూ చదవలేదు. వైర్లకు ఎవరు చప్పట్లు కొడతారు?

ఇది ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒక పాత ఆరు తీగల గిటారు సంపాదించి, ఫోనులో వీడియోలు చూసి వాయించడం నేర్చుకున్నాడు. నాలుగేళ్ళకు నాలుగు పట్లు, అదే కార్డ్స్ అంటారే, అవి వచ్చాయి. ఏడాదికొకటి. ఆ లెక్కన ఒక పాట పూర్తిగా రావాలంటే ఆయనకు ఇంకో జన్మ కావాలి.

ఇంతలో రాంచందర్ దగ్గర గిటారు వాయించే కుర్రవాడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు. గట్టయ్య వెళ్ళి అడిగాడు. రాంచందర్ మొహమాటస్తుడు, కాదనలేడు. అందుకని దొరకని వస్తువు పేరు చెప్పి వదిలించుకోవాలని చూశాడు. పాత పాటలకు పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు కావాలి, అది తెచ్చి ఒక పాట వాయిస్తే స్టేజి ఎక్కిస్తాను, పేరు కూడా మైకులో చదువుతాను అన్నాడు. అన్నాక తృప్తిగా టీ తాగాడట. ఇప్పుడు ఫోనులో దొరకని వస్తువు లేదన్న సంగతి ఆ పెద్దమనిషికి తట్టలేదు.

వారం తిరక్కుండా షాపు ముందు పొడుగాటి అట్టపెట్టె దిగింది. ఉన్నవాటిలో చవకది, అయినా పద్దెనిమిది వేలు. గట్టయ్య భార్య శకుంతల అన్నం డబ్బా తెచ్చి, పెట్టెలోంచి బయటపడ్డ వస్తువును ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఎర్రగా, నిగనిగలాడుతూ, తల నిండా పన్నెండు చెవులతో ఉంది.

"దీన్ని తిప్పితే నీళ్ళన్న వస్తయా?" అని అడిగింది.

గట్టయ్య అప్పటికే స్క్రూలు విప్పుతున్నాడు.

ఇంకెవరైనా అయితే ముందు వాయించి చూస్తారు. ఈయన ముందు విప్పి చూశాడు. చవక సరుకు కదా, లోపాలు ఉన్నాయి. స్పీకరుకు తగిలిస్తే తేనెపట్టు కదిలినట్టు ఒకటే రొద. తీగలు బిగించే చెవులు జారిపోతున్నాయి. గట్టయ్య చెవులు పన్నెండూ మార్చాడు. తీగల కింద అయస్కాంతానికి రాగి చుట్టి ఉన్న పికప్‌లు రెంటినీ ఊడబెరికాడు. మిక్సీ మోటారుకు వాడే దానికంటే సన్నని తీగ, తల వెంట్రుకలాంటిది, హైదరాబాద్ నుంచి తెప్పించి వేల చుట్లు చుట్టాడు. వార్నిష్‌లో ముంచి, ఇంటి మీద శకుంతల పెట్టిన వడియాల పక్కన ఎండబెట్టాడు. గిటారు గుంతలో రాగిరేకు అతికించి ఎర్తింగ్ కలిపాడు. మళ్ళీ తగిలిస్తే రొద లేదు. శుభ్రంగా, గంటలా పలికింది. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ పలికింది. అక్కడితో ఆపి ఉంటే ఆయన మనిషి అనిపించుకునేవాడు.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి రాగి తీగల లావు కొలిచే మైక్రోమీటరు పెట్టి గిటారు తీగలు కొలుస్తున్నాడు. మొహం నల్లబడింది.

"మోసం జేసిండ్రు కాకా," అన్నాడు. "ఆరు జతలు. రెండు జతలల్ల తీగలు సరిసమానం ఉన్నయ్. మిగిలిన నాలుగు జతలల్ల ఒకటి లావు, ఒకటి సన్నం. దొరికింది దొరికినట్టు ఏసి పంపిండ్రు."

ఇక్కడ ఆయన బుర్ర గురించి కొంచెం చెప్పాలి. మోటారుకు కావలసినంత లావు తీగ దొరకనప్పుడు వైండింగ్ వాళ్ళు రెండు సన్న తీగలు జోడు వేసి చుడతారు. పదహారేళ్ళప్పుడు గట్టయ్య అలా జోడు వేస్తూ, ఒకటి ఒక లావు, ఒకటి ఇంకో లావు పెట్టాడు. మోటారు రైతు పొలంలో మూడో రోజే కాలింది. పని నేర్పిన ఉస్తాదు రాజమల్లు ఆ రైతు ఎదుటే చెంప పగలగొట్టి, జోడు వేస్తే రెండూ ఒకటే లావుండాలిరా అని చెప్పాడు. ఆ చెంపదెబ్బ ముప్పై ఆరేళ్ళుగా గట్టయ్య చదువంతా. జీవితంలో ఇంకో దెబ్బ తిని ఉంటే ఇంకో ముక్క తెలిసేదేమో.

పన్నెండు తీగల గిటారు సంగతి వేరు. లావు తీగ కింది స్థాయిలో పలికే స్వరాన్నే పక్కనున్న సన్న తీగ పై స్థాయిలో పలుకుతుంది. ఆ గిటారు సొగసంతా అందులోనే ఉంది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ అగాథ మా చేత పాడించేటప్పుడు పెద్ద పిల్లలు కింద, చిన్న పిల్లలు పైన పాడేవాళ్ళం. పాట ఒకటే, గొంతులు రెండు. అందుకని నాకు విషయం తెలుసు. చెప్పడానికి నోరు కూడా తెరిచాను.

"నీకు గీ కరెంటు ముచ్చట సమజ్ కాదు కాకా, జర ఛాయ్ తాగు," అన్నాడు గట్టయ్య.

సరేనని తాగాను. ఆ తరువాత ఆ విషయంలో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆయన చౌరస్తాలో సంగీత సామాన్ల షాపుకు పోయి ఆరు తీగల గిటారుకు వేసే సెట్లు రెండు అడిగాడు. పన్నెండు తీగలకు వేరే సెట్టు వస్తుందని షాపువాడు చెబితే, నవ్వి, నీ అసొంటోళ్ళ తోటే లోకం ఖరాబయిందన్నాడట. తెచ్చి ప్రతి జతకూ రెండూ ఒకే లావువి ఎక్కించాడు. చూడడానికి ముచ్చటగానే ఉంది, కొత్తగా చుట్టిన మోటారులా.

ఇక శ్రుతి. ఫోనులో శ్రుతి చూపించే బొమ్మ ఒకటి ఉంది. సూది మధ్యకు వస్తే సరి అన్నట్టు. పన్నెండు తీగల గిటారు అని నొక్కితే ఆ ఫోను పాపం దాని ధర్మం ప్రకారం జతలో రెండో తీగను పై స్థాయికి రమ్మంటుంది. అక్కడున్నది లావు తీగ. అది ఎలా వస్తుంది? గట్టయ్య బిగించాడు. సూది ఎడమ పక్కనే ఉంది. ఇంకా బిగించాడు. ఒక తీగ తెగి చేతి మీద గీసింది. ఇంట్లో ఫ్యూజు కాలితే మనవాళ్ళు ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. తెగిన చోట ఇంకా లావు తీగ వేశాడు. మళ్ళీ తెగలేదు. ఫ్యూజు కాలనప్పుడు దాని బదులు ఏది కాలుతుందో రైతులకు రోజుకు మూడుసార్లు చెప్పే మనిషి ఆయన.

నేను కుర్చీలో కూర్చుని ఫోను పట్టుకునేవాణ్ణి.

"సూది ఇంకా ఎడమకే ఉంది గట్టయ్యా," అనేవాణ్ణి.

"ఎంత ఉన్నది?"

"కొంచెమే."

సూది ఎంత దూరమున్నా నేను చెప్పేది అదే, కొంచెం అన్న మాటలో ఎంత పాపముందో నాకు తెలుసు. పదో రోజుకు గిటారు మెడ విల్లులా వంగింది. తీగలకూ చెక్కకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. ఆ తీగల్ని నొక్కి నొక్కి గట్టయ్య వేళ్ళు చీరుకుపోతే, వైర్లకు చుట్టే టేపు చుట్టుకుని వాయించేవాడు. నాలుగు పట్లే కదా, ఎలాగో తంటాలు పడ్డాడు.

ఆ ఆదివారం హసన్‌పర్తిలో ఒక నిశ్చితార్థం. మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్కెస్ట్రా. రాంచందర్ మాట తప్పలేక ఒక పాటకు ఒప్పుకున్నాడు. శకుంతల మొగుడికి గోధుమరంగు కొత్త చొక్కా కుట్టించింది. పరకాల నుంచి ఇద్దరు చెల్లెళ్ళను పిలిపించి, వాళ్ళ మధ్య ముందు వరసలో కూర్చుంది. వెనక వరసలో ఉన్న నా వైపు తిరిగి, "పేరు చదివేటప్పుడు ఫోన్ల రికార్డు చెయ్యి మామా, నాకు రాదు," అంది. సరేనన్నాను. నీళ్ళు రావని వెక్కిరించిన మనిషి, నా ఫోనులో ఛార్జింగ్ ఉందో లేదో రెండుసార్లు చూసింది.

గట్టయ్య స్పీకరు పెట్టె ముందుకు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. ముందు నుంచి చూస్తే ఇంకా పొట్టిగా ఉన్నాడు. గిటారు మెడలో వేసుకుని, తీగల మీద ఒకసారి చెయ్యి దింపాడు. రేకుల డబ్బాలో మేకులు పోసినట్టు వచ్చింది. రాంచందర్ బూట్ల వంక చూసుకున్నాడు. గట్టయ్య ఫోను తీసి సూది చూశాడు. కొంచెం ఎడమకు ఉంది. అప్పుడు మూడు వందల మంది చూస్తుండగా కొత్త చొక్కా జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, చెవిని పట్టి ఒక్క తిప్పు తిప్పాడు.

మెడకూ తలకూ మధ్య, చెక్క పలచనయ్యే చోట, గిటారు విరిగింది. ఆయన కొత్తగా చుట్టిన పికప్‌లు ఎంత బాగా పనిచేస్తున్నాయో ఊరంతటికీ అప్పుడు తెలిసింది. ఆ చప్పుడును అవి అణువంత కూడా వదలకుండా పట్టి ఆరు స్పీకర్లకు అందించాయి. పెళ్ళికొడుకు మేనమామ బల్ల కిందికి దూరాడు. గరిటె సంగతి ముందే చెప్పాను. గిటారు తల మెడ తిప్పిన కోడిలా తీగలకు వేలాడుతోంది.

రాంచందర్ పాతికేళ్ళుగా స్టేజి మీద ఉన్నవాడు, మౌనం ఎక్కువసేపు ఉండకూడదని తెలిసినవాడు. నోటికి ఏది అలవాటో అదే వచ్చింది. మైకు దగ్గరగా పెట్టుకుని, "గిటారు, శివనగర్ గట్టయ్య," అన్నాడు.

ఒక్క మనిషి చప్పట్లు కొట్టింది. శకుంతల. చెల్లెళ్ళు ఆమె మోచెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆపలేదు. మా వరస నుంచి ఇంకో జత చేతులు కూడా కలిశాయి. అవి నావే, కాకపోతే ఫోను కింద పెట్టాల్సి రావడంతో రికార్డు కాలేదు.

గట్టయ్య వైరు పీకి, చుట్ట చుట్టి, గిటారును సంకలో పెట్టుకుని స్పీకరు పెట్టె వెనక్కు పోయి కూర్చున్నాడు. తరువాతి పాటలో కీబోర్డు గరగరమంటే టెస్టరు తీసి సరిచేశాడు కూడా. భోజనాలకు మాత్రం రాలేదు.

ఈ కథంతా రాసి, పోయిన వారం షాపులో ఆయనకు చదివి వినిపించాను. సూది గురించి నేను ఆడిన దొంగాట కూడా దాచలేదు. బోరు మోటారులో తల పెట్టి విన్నాడు. అయ్యాక తల ఎత్తలేదు.

"ఎవలకు చెప్తవ్ కాకా గీ కతలు," అన్నాడు. "నేను గిటారే కొనలే. హసన్‌పర్తికే పోలే. శకుంతలనడుగు, పోలేదనే చెప్తది."

ఆయన వెనక గోడకు, గోనెసంచి చుట్టి, పొడుగ్గా ఏదో వేలాడుతోంది. సంచి చిరుగులోంచి ఎర్రగా నిగనిగలాడుతోంది. మరి అదేమిటని అడిగాను.

"గదా? బోరు మోటరు," అన్నాడు గట్టయ్య. "పర్వతగిరి ఆసామిది. రేపో ఎల్లుండో వచ్చి తీస్కపోతడు."